జేబు లేని చుడీదారు, సంచిలో చాకు

ఇంటర్నెట్‌లో ‘ఎవ్రీడే క్యారీ’ అని ఒక సరదా ఉంది. రోజూ వెంట తీసుకెళ్ళే సామానంతా చెక్కబల్ల మీద పరిచి, పైనుంచి ఫోటో తీసి, పదిమందికి చూపించడం. మధ్యలో మడత చాకు, పక్కన వేలెడంత టార్చి, గడియారం, ఇత్తడి పెన్ను, తోలు పర్సు. చూడముచ్చటగా ఉంటుంది. సెలవు రోజు మధ్యాహ్నం ఆ ఫోటోలు చూస్తూ కూర్చుంటే కాఫీ వేళ ఎప్పుడైందో తెలియదు. నా ఫిర్యాదు ఒక్కటే. ఆ చాకుల మీద గీత ఉండదు, మరక ఉండదు, మడత సందులో ఇసుక రేణువు ఉండదు. రోజూ వాడే వస్తువు అంత శుభ్రంగా ఎలా ఉంటుందో నాకు అర్థం కాదు.

ఆ సరదా ఉన్నవాళ్ళు తెగ వాదించుకునే ప్రశ్న కూడా ఒకటుంది: ఏ కత్తిని రోజూ వెంట ఉండే కత్తి అనాలి? అలుగు, అంటే కోసే భాగం, ఎంత పొడవుండాలి, ఏ ఉక్కు, తెరిచాక మళ్ళీ మడతపడకుండా తాళం పడాలా వద్దా, ఒంటిచేత్తో తెరుచుకోవాలా? నా లెక్క వేరు. ‘ఇది నీ దగ్గర ఎందుకుంది?’ అని ఎవరైనా అడిగితే, ఈ వారంలో దానితో చేసిన పని ఒకటి తడుముకోకుండా చెప్పగలగాలి. చెప్పగలిగితే అది వెంట ఉండాల్సిన కత్తే. చెప్పలేకపోతే అలంకారం. కొన్ని సందర్భాల్లో కేసు కూడా.

నా పని బిందు సేద్యం. ఇల్లు తిరుపతిలో. తిరిగేది పాకాల, దామలచెరువు, పూతలపట్టు, ఐరాల వైపు మామిడి తోటల్లో. ఉమ్మడి చిత్తూరు జిల్లా నీళ్ళ కథ ఎవరికీ కొత్త కాదు. వెయ్యి అడుగులు బోరు దింపాక రెండంగుళాల నీళ్ళు పడితే ఊరంతా వచ్చి చూసిపోయే ప్రాంతం. ఆ నీళ్ళను చెట్టు మొదట్లోకి చుక్కలు చుక్కలుగా చేర్చే పైపులు వేయించడం, వేసినవాటిని బాగుచేయించడం నా ఉద్యోగం. ఇందులో కత్తి పని ఎంత ఉంటుందో బయటివాళ్ళకు తెలియదు.

చెట్ల వరస వెంట పరిచే నల్ల పైపును ల్యాటరల్ అంటారు, ఎక్కువగా 16 మిల్లీమీటర్లది. వేసవిలో తోటకు నీళ్ళు తగ్గగానే ఉడతలు, ఎలుకలు దాన్ని కొరుకుతాయి. లోపల నీళ్ళున్నాయని వాటికి తెలుసు. కొరికిన ముక్క తీసేసి, రెండు కొసల మధ్య జాయినర్ పెట్టాలి. ఇక్కడ కోత తిన్నగా, అడ్డంగా పడాలి. ఏటవాలుగా పడితే జాయినర్ ఒక పక్క సరిగా కూర్చోదు, మోటారు వేయగానే అక్కడ పిచికారీ మొదలవుతుంది. పైపును అరచేతిలో పెట్టుకుని కోసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. కింద ఒక కట్టెముక్క పెట్టుకోవాలి, లేదా చాకును కదలకుండా పట్టుకుని పైపును తిప్పాలి. ల్యాటరల్ పైపులకు నీళ్ళందించే పీవీసీ సబ్‌మెయిన్ పైపుకు రంధ్రం వేశాక అంచుల్లో మిగిలే పొట్టును గీకి తీయడం ఇంకో పని. ఆ పొట్టు లోపలికి పోతే నేరుగా చుక్కలు వదిలే డ్రిప్పర్లలో ఇరుక్కుంటుంది. రైతు మాత్రం నీళ్ళలో సున్నం వల్ల మూసుకుపోయిందనుకుని ఆమ్లం పోయిస్తాడు. సగం తోటల్లో సున్నం తప్పే ఉంటుంది లెండి, కానీ మిగతా సగంలో పైపు వేసినవాడి బద్ధకం.

ల్యాటరల్ కోయడానికి ప్రత్యేకమైన కత్తెరలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. నా స్కూటర్ డిక్కీలో ఒకటి ఉంది. పది వరసలు కోయాల్సి వస్తే అదే తీస్తాను. తోట చివర నిలబడ్డప్పుడు డిక్కీ అరకిలోమీటరు దూరంలో ఉంటుంది, అంతే తేడా. వెంట ఉండే వస్తువు గొప్పదనమంతా ఆ అరకిలోమీటరులోనే ఉంది. అది మేలైన పనిముట్టు కానక్కరలేదు, దగ్గర ఉన్న పనిముట్టు అయితే చాలు.

కోయకూడని చోట కోయకపోవడం కూడా కత్తి ఉన్నవాళ్ళు నేర్చుకోవాలి. ఎరువు బస్తా మూతి కుట్టు ఉంటుంది చూడండి, సరైన కొస పట్టుకుని లాగితే దారం మొత్తం ఒక్క ఊపులో ఊడి వస్తుంది. కొత్తగా చాకు కొన్న కుర్రవాడు ఆ కొస వెతకడు, బస్తా మూతి కోసేస్తాడు. ఖాళీ సంచికి పల్లెలో పది ఉపయోగాలు. ఐరాల దగ్గర ఒక పెద్దావిడ మా కుర్రవాడితో, ‘నాయనా, నీ చాకు లోపల పెట్టుకో, నా సంచి నాకు కావాలి’ అన్నది. ఆ మాట నేను మా ఆఫీసులో కొత్తగా చేరేవాళ్ళందరికీ చెబుతుంటాను.

ఇక మామిడి. మా వైపు తోతాపురిదే రాజ్యం. జూన్, జూలైల్లో దామలచెరువు మండీ దారంతా దాని వాసనే. తోటలోకి వెళితే కాయ కోసి పెట్టకుండా పంపరు, ఉప్పూకారం ముందే సిద్ధంగా ఉంటుంది. ‘మేడమ్, చాకు ఉందా?’ అనే ప్రశ్న ఎక్కువగా అక్కడే వినిపిస్తుంది. మామిడి పులుపు మామూలు కార్బన్ ఉక్కుకు పడదు. నాలుగు ముక్కలు కోసేసరికి అలుగు నల్లబడుతుంది, ముక్కకు ఇనుము వాసన అంటుతుంది. కార్బన్ ఉక్కుకు పదును బాగా పడుతుందని కత్తుల ప్రియులు మురిసిపోతారు. నిజమే, సాన పట్టడం తేలిక కూడా. కానీ చింతపండు, నిమ్మ, మామిడి లేకుండా పూట గడవని జిల్లాలో స్టెయిన్‌లెస్ చాలు. కాయ కోసేటప్పుడు తొడిమ దగ్గర కారే సొన అలుగు మీద పడితే వెంటనే తుడవాలి, చేతికి తగిలితే ఇంకా ముందు కడగాలి. కొందరికి అది కాలిన మచ్చలా మిగిలిపోతుంది.

నా చాకు ఎర్ర పిడి ఉన్న స్విస్ రకం. మడిస్తే 91 మిల్లీమీటర్లు. రెండు అలుగులు, స్క్రూడ్రైవరు, డబ్బా మూత తెరిచేది, చిన్న కత్తెర, ముల్లు తీసే శ్రావణం. తాళం పడదు. దీన్ని ‘ఆర్మీ నైఫ్’ అనడం వల్ల పెద్ద అపార్థం పుట్టింది. స్విస్ సైన్యం 1890 ప్రాంతంలో తన సైనికులకు మడత చాకు ఎందుకు ఇచ్చిందో చూస్తే ఆ అపార్థం పోతుంది. డబ్బాల్లో వచ్చే తిండి తెరుచుకోవడానికి, కొత్తగా వచ్చిన ష్మిట్-రూబిన్ తుపాకీని విప్పి శుభ్రం చేసుకోవడానికి. చేతిలో తుపాకీ ఉన్న సైనికుడికి చాకు ఇచ్చింది మూతలకు, మరలకు. 1884లో ఇబాఖ్ అనే ఊళ్ళో పని మొదలుపెట్టిన కార్ల్ ఎల్సెనర్ 1891 నుంచి వాటిని సైన్యానికి అందించాడు. 1897లో ఇంకా తేలికైన అధికారుల చాకును నమోదు చేయించాడు. ఈనాటి ఎర్ర చాకులకు మూలం అదే. అమెరికాలో టిమ్ లెదర్‌మన్ కథ కూడా ఇలాంటిదే. 1975లో పాత ఫియట్ కారులో ఐరోపా తిరుగుతూ, ఆ కారు మరమ్మతులకూ చౌక హోటళ్ళ కుళాయిలకూ తన జేబుచాకు చాలక, అందులో పట్టకారు కూడా ఉంటే బాగుండునని అనుకున్నాడు. 1983లో గానీ మొదటి పనిముట్టు అమ్మకానికి రాలేదు. ఈ రెండు కథల్లోనూ శత్రువు లేడు. ఉన్నవి మొండి మరలు, కారే కుళాయిలు.

ఫ్రాన్సు నుంచి వచ్చే ఓపినెల్ చాకు అందం వేరు. 1890 నుంచి చేస్తున్నారు. బీచ్ చెక్క పిడి, గుండ్రంగా తిరిగే ఉక్కు పట్టీ తాళం. మా ఆఫీసులో ఒకరి దగ్గర ఉంది. నవంబరు వానల్లో ఆ చెక్క ఉబ్బి, అలుగు లోపలే బిగుసుకుపోతుంది. అప్పుడు ఆయన నా చాకు అడిగి తీసుకుంటారు. నేనేమీ అనను.

పదును గురించి ఒక్క మాట. వీధుల్లో సైకిలు తొక్కుతూ సాన పట్టేవాళ్ళు ఇంకా అక్కడక్కడా వస్తుంటారు. ఇంటి కత్తిపీటకు, కొడవలికి వాళ్ళే సరి. సన్నటి చాకు అలుగును వేగంగా తిరిగే రాయికి పెడితే వేడెక్కి నీలం రంగు తిరుగుతుంది, ఇక ఆ అంచు పదును నిలుపుకోదు. పింగాణీ కప్పు బోర్లిస్తే అడుగున మెరుగు లేని గరుకు అంచు కనిపిస్తుంది. దాని మీద తక్కువ కోణంలో ఒక్కో వైపు కొన్ని సార్లు లాగితే చాలు. మొద్దు కత్తి ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే బలం పెట్టి నొక్కుతాం.

ఇప్పుడు చట్టం. దీని మీద చలామణీలో ఉన్న మాట ఒకటుంది: ‘మన దేశంలో తొమ్మిది అంగుళాల లోపు కత్తి ఎవరైనా పెట్టుకోవచ్చు.’ ఈ తొమ్మిది అంగుళాలు ఎక్కడి నుంచి వచ్చాయంటే, 1959 ఆయుధాల చట్టం కింద ఉన్న నిబంధనల నుంచి. 2016లో కొత్త నిబంధనలు వచ్చినా ఆ కొలత మారలేదు. అందులో ఐదో కేటగిరీ కత్తులు, బాకులు, బల్లేల వంటి వాటిది. తొమ్మిది అంగుళాల కంటే పొడవు లేదా రెండు అంగుళాల కంటే వెడల్పు అలుగు ఉన్న కత్తులు అందులోకి వస్తాయి. ఆ వాక్యం అక్కడ ఆగదు. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవి కాకుండా అని కూడా ఉంది. చాలామంది ఈ రెండో సగం చదవరు. నాకు అదే ముఖ్యం.

ఎందుకో తెలియాలంటే తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే రోడ్డు మీద ఎక్కడైనా ఆగి కొబ్బరి బోండాం తాగండి. ఆ బోండాం కొట్టేది లారీ కమాను పట్టీని కొలిమిలో కాల్చి సాగగొట్టి చేసిన కత్తి. వెడల్పు రెండంగుళాలు ఎప్పుడో దాటింది, పొడవు సంగతి చెప్పనక్కరలేదు. కొలతే చట్టమైతే ఆ రోడ్డు మీద బోండాలు అమ్మేవాళ్ళందరూ నేరస్థులే. పోలీసు జీపు ఆగుతుంది, కానిస్టేబుల్ దిగుతాడు, బోండాం కొట్టించుకుని తాగి వెళ్ళిపోతాడు. కత్తి కొలవడు. దాని పని ఆయన కళ్ళ ముందే జరుగుతోంది కాబట్టి. అదే కత్తిని గుడ్డలో చుట్టి రాత్రి పదింటికి బస్టాండులో పట్టుకు నిలబడితే, కొలత రెండంగుళాలు తగ్గినా ఆ కానిస్టేబుల్ వదలడు. వదలకూడదు కూడా.

అంటే చట్టం అడిగే మొదటి ప్రశ్నే ‘దేనికి చేశారు, దేనికి పట్టుకున్నారు’ అని. ఆ ఐదో కేటగిరీలో లేకపోవడం అనుమతి పత్రం కాదు. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ఒకటి ఉంది. 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు చేరిన పదునైన కత్తుల మీద అక్కడ ఆంక్ష. ఎన్నికలప్పుడు, ఊరేగింపులప్పుడు అధికారులు నిషేధాజ్ఞలు పెడితే కర్ర కూడా ఆయుధాల లెక్కలో చేరుతుంది. ఏ చాకైనా సరే, దానితో ఎవరినైనా గాయపరిస్తే అది భారతీయ న్యాయ సంహితలో ప్రమాదకర ఆయుధమే, మీరు దాన్ని పండ్లు కోసుకోవడానికి కొన్నా సరే. బ్రిటన్ వాళ్ళు 1988 చట్టంలో దీన్ని ఇంకాస్త విడమరిచారు. తాళం పడని మడత చాకు, కోసే అంచు మూడంగుళాలకు మించకపోతే, కారణం చెప్పనక్కరలేదు. మించితే సరైన కారణం నువ్వే చూపించుకోవాలి. అక్కడ కూడా కొలత దాటాక మిగిలేది ‘ఎందుకు?’ అనే ప్రశ్నే. మన విమానాల్లో సిక్కులకు ఉన్న మినహాయింపు ఇంకో ఉదాహరణ. దేశంలోపల తిరిగే విమానాల్లో వాళ్ళు ఆరంగుళాలకు మించని అలుగుతో కృపాణం ధరించవచ్చు. రేణిగుంటలో విమానం ఎక్కేటప్పుడు నా చాకు మాత్రం కింద సామానులోకి పోవాల్సిందే. దీన్ని అన్యాయం అనేవాళ్ళను చూశాను. నాకు అలా అనిపించదు. కృపాణానికి రాజ్యాంగం 25వ అధికరణలోనే కారణం రాసి ఉంది. విమానంలో నా చాకుకు కారణం లేదు. అక్కడ ల్యాటరల్ పైపులు ఉండవు.

తిరుపతిలో ఉండేవాళ్ళకు ఈ పాఠం నేర్పేది అలిపిరి. అక్కడ వాహనం ఆపి, సామాను స్కానింగ్ చేసి పంపుతారు. మద్యం, పొగాకు, మాంసం, ఆయుధాలు పైకి పోవు. ఆ వరసలో నిలబడి భద్రతా సిబ్బందితో అంగుళాల వాదన పెట్టుకునే పెద్దమనుషులు ఉంటారు. వెనక వందమంది గోవిందనామాలు చెప్పుకుంటూ ఎండలో నిలబడి ఉంటారు. కొండకు వెళ్ళే రోజు నా చాకు ఇంట్లో బల్ల సొరుగులో ఉంటుంది. అక్కడ దానికి పని లేదు, కాబట్టి ఆ రోజుకు అది వెంట ఉండే కత్తి కాదు.

ఇందులో నాకు నచ్చే వింత ఒకటుంది. కింద చాకు ఆపిన కొండ మీదే, కల్యాణకట్టలో, రోజుకు వేల తలల మీద బ్లేడు నడుస్తుంది. పసిపిల్లల మెత్తటి మాడు మీద, ముసలివాళ్ళ మెడ మీద. ముక్కూ మొహం తెలియని క్షురకుడి ముందు తల వంచి కూర్చుంటాం. ఆ వంచిన తలకు భయం ఉండదు. ఆ చేతికి ఆ పని తప్ప మరో ఉద్దేశం లేదని అందరికీ తెలుసు. మే నెలలో గంగమ్మ జాతరప్పుడు కూడా అంతే, వేషాల చేతుల్లోని కత్తిని చూసి వీధిలో పిల్లలు పారిపోరు, వెంటపడతారు.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక ఆరేళ్ళ పాపను చంపింది. ఊరంతా కొన్నాళ్ళు ఆ మాట తప్ప మరో మాట లేదు. ఆ తర్వాత దేవస్థానం నడిచి వెళ్ళే భక్తులకు చేతికర్రలు ఇచ్చింది. చాలామంది నవ్వారు, చిరుతకు కర్రతో జవాబా అని. నేను నవ్వలేదు. గుంపుగా నడవండి, పిల్లలను మధ్యలో ఉంచుకోండి అనే మాటతో పాటు ఇచ్చిన కర్ర అది. కర్ర మనిషి చేతిని మూడడుగులు పెంచుతుంది, నేలకు తడితే చప్పుడు చేస్తుంది, మెట్లెక్కుతుంటే మోకాలికి సాయం చేస్తుంది. ఆయుధాల చట్టంలో ‘ఆయుధం’ నిర్వచనం నుంచి మినహాయించిన వస్తువులకు ఉదాహరణగా పేరు పెట్టి చెప్పింది కూడా లాఠీని, మామూలు చేతికర్రనే. చిరుత భయానికి అందరూ చాకులు కొనుక్కోండి అని మాత్రం ఎవరూ అనలేదు. మంచిదే. అదే శేషాచలం అడవుల గురించి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఏమంటుందో కూడా తలకోన వెళ్ళే కుర్రవాళ్ళు తెలుసుకోవాలి. ఆ చట్టంలో ఆయుధం అంటే తుపాకులు, వలలు, ఉచ్చులతో పాటు కత్తులు కూడా. అభయారణ్యంలోకి గానీ జాతీయ పార్కులోకి గానీ అనుమతి లేకుండా వాటితో అడుగు పెట్టకూడదు. ఎర్రచందనం దొంగల వేట సాగే కొండలు అవి. అక్కడ నడుముకు కత్తి కట్టుకుని ఫోటో దిగడం సాహసం అనుకునేవాళ్ళకు అటవీ సిబ్బంది అనుమానం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టదు.

నన్ను అడిగే ప్రశ్నల్లో కత్తి కొలత ఎప్పుడూ ఉండదు. ‘ఒంటరిగా తోటల్లో తిరుగుతావు కదా, ఆ కత్తి అందుకేనా?’ ఆడమనిషి సంచిలో కత్తి కనిపిస్తే లోకానికి తోచే కారణం అదొక్కటే. మెచ్చుకునేవాళ్ళు కూడా ఉన్నారు, ‘సీమ ఆడపడుచు అనిపించావు’ అని. సినిమాల్లో వేటకొడవళ్ళు చూసి చూసి, సీమ మనిషి చేతిలో నిమ్మకాయ కోసే చాకు ఉన్నా పగ వెతుకుతారు. చిత్తూరు జిల్లావాళ్ళం మాటకు ముందు నవ్వేవాళ్ళమని ఎవరూ సినిమా తీయరు.

ఆత్మరక్షణకు కత్తి అనే సలహా నాకు అసలు నచ్చదు. కత్తి పని చేసేది చేతికందే దూరంలో. అంత దగ్గరికి వచ్చిన బలవంతుడి చేతికి అది మారడానికి ఒక్క క్షణం చాలు. పైగా నా చాకు తెరవాలంటే రెండు చేతులు, ఒక గోరు కావాలి. సంచి జిప్పు తీసి, పిన్నీసుల డబ్బా, మాత్రల సంచి పక్కకు జరిపి, గోరు గాడిలో పెట్టి అలుగు లాగేదాకా ఎదుటివాడు ఓపిక పట్టాలి. నా భద్రతకు నేను నమ్మేవి వేరు. ఏ రోజు ఏ తోటకు వెళుతున్నానో ఆఫీసులో ఒకరికి, ఇంట్లో ఒకరికి తెలిసి ఉండటం. ఫోనులో ఛార్జింగు, 112 నంబరు. చీకటి పడకముందే రోడ్డెక్కడం. రైతుల ఇళ్ళలో ఆడవాళ్ళతో ముందు పరిచయం పెంచుకోవడం. వీటిలో ఒక్కటీ చెక్కబల్ల మీద పెట్టి ఫోటో తీయడానికి వీలైనవి కావు.

పాముకాటుకు కత్తి కావాలి కదా అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. గాటు పెట్టి రక్తం పిండడం, నోటితో లాగడం చేయకూడదని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. తోటలో అందుకు పనికొచ్చేవి బండి, తువ్వాలు. కత్తి అక్కడ హాని చేస్తుంది. పాము కరవకుండా చూసుకోవడానికి టార్చి ఉండాలి.

ఇంతకీ ‘వెంట’ అంటే ఎక్కడ? ఆ విదేశీ ఫోటోల్లో ప్రతి చాకుకు ఒక క్లిప్పు ఉంటుంది, ప్యాంటు జేబు అంచుకు తగిలించుకోవడానికి. ఆ సరదా మొత్తం జేబు మీద నిలబడింది. నా చుడీదారుకు జేబు లేదు. చెప్పి కుట్టించుకున్నా దర్జీ పెట్టే జేబులో ఫోను నిలవదు. చీరకు ఆ ఆశే లేదు. అందుకని మా సామాను ఎప్పుడూ ఒంటికీ సంచికీ మధ్య ఎక్కడో సర్దుకుంటుంది. మా అవ్వ తరంలో అది బొడ్లో దోపుకునే వక్కాకు సంచి. అందులో ఆకులు, వక్కలు, సున్నపు కాయ, అడకత్తెర, మడిచిన నోట్లు. అడకత్తెర కూడా కోసే పనిముట్టే. దాన్ని తీసి వక్క కత్తిరిస్తుంటే ఎదుటివాళ్ళు చెయ్యి చాపేవాళ్ళు, వెనక్కి జరిగేవాళ్ళు కారు. మగవాళ్ళకు మొలతాడుకు తాళంచెవి, ముల్లు తీసే శ్రావణం, గుబిలి పుల్ల. ఎవరూ దానికి పేరు పెట్టలేదు, ఫోటో తీయలేదు.

ఇక పిన్నీసు. గాజులకు రెండు, తాళిగొలుసుకు ఒకటి తగిలించుకోని ఆడమనిషిని మా వీధిలో చూపించమనండి. తెగిన చెప్పు పట్టీకి, ఊడిన హుక్కుకు, కాలిలో దిగిన ముల్లుకు, పాడైన సంచి జిప్పుకు, పెళ్ళి పందిట్లో జారే కొంగుకు, బడికి వెళ్ళే పిల్లవాడి చొక్కా బొత్తానికి అదే. ఒకసారి ఐరాల వైపు తోటలో మూసుకుపోయిన డ్రిప్పర్ రంధ్రం కూడా దానితోనే తెరిచారు. అలా చేయకూడదు, రంధ్రం పెద్దదైతే నీళ్ళ లెక్క తప్పుతుంది, కానీ ఆ రైతమ్మ చేతి వేగం చూసి అడ్డు చెప్పలేకపోయాను. బరువు లేదు, ఖర్చు లేదు, అలిపిరిలో ఎవరూ ఆపరు, విమానంలో ఎవరూ అడగరు. అడిగిన క్షణంలో తీసి ఇచ్చేయవచ్చు, తిరిగి రాకపోయినా బాధ లేదు. రోజూ వెంట ఉండే సామానులో మొదటి స్థానం నన్నడిగితే పిన్నీసుకే ఇస్తాను. చాకు ఎక్కడో ఐదో ఆరో. రెండో స్థానం టార్చిది. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు చెరువులైనప్పుడు, కరెంటు లేని రాత్రి, నడుము లోతు నీళ్ళలో మెట్టు ఎక్కడో మ్యాన్‌హోల్ ఎక్కడో చూపించింది టార్చి. ఆ మూడు రోజుల్లో చాకుతో చేసిన పని పాల ప్యాకెట్లు కోయడం. పళ్ళతో కూడా అయ్యేదే. మిగతావి చెప్పేస్తాను: టెస్టర్, ఇన్సులేషన్ టేపు, గట్టి దారం, ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు, గాజుగుడ్డ, స్టీలు సీసాలో నీళ్ళు. కత్తి పెట్టుకునేవాళ్ళు గాజుగుడ్డ పెట్టుకోకపోవడం నాకు వింతగా ఉంటుంది. తెగితే దాన్ని అదిమి పట్టాలి కదా.

మా అక్క కొడుకు బీటెక్ చదువుతున్నాడు. మొన్న వేసవిలో ఆన్‌లైన్‌లో ఒక చాకు తెప్పించుకున్నాడు. నల్ల పూత, గద్ద ముక్కులాంటి మొన, వేలితో మీటితే టక్కున తెరుచుకునే రకం. నా ముందు పదిసార్లు తెరిచి మూసి చూపించాడు.

‘బాగుంది రా. దేనికి?’ అన్నాను.

‘ఊరికే పిన్నీ, ఉంటే మంచిది కదా. ఎప్పుడు ఏ అవసరం వస్తుందో!’

‘ఈ వారం ఏం అవసరం వచ్చింది?’

కాసేపు ఆలోచించాడు. ‘ఇది వచ్చిన పార్సిల్ తెరవాలి కదా, దానికి వంటింట్లో కత్తి వాడాను’ అని తనే నవ్వేశాడు.

వాడిని తిట్టడం నా ఉద్దేశం కాదు. సిద్ధంగా ఉండాలనే కోరిక మంచిదే, ఆ వయసులో నాకూ ఉండేది. కానీ ‘ఎప్పుడు ఏ అవసరం వస్తుందో’ అనే జవాబు అలిపిరిలో చెల్లదు, పరీక్ష హాలు గుమ్మంలో చెల్లదు, రాత్రి గస్తీ తిరిగే కానిస్టేబుల్ దగ్గర అసలు చెల్లదు. వాడికి ఒకటే చెప్పాను. నెల రోజులు దాన్ని గదిలోనే ఉంచు. బయట ఉన్నప్పుడు ఎవరినైనా చాకు అడగాల్సి వచ్చిన ప్రతిసారీ ఎందుకు అడిగావో ఫోనులో రాసుకో. ఆ జాబితా చూసి ఏది పెట్టుకోవాలో నువ్వే తేల్చుకో.

నెల తర్వాత చూపించాడు. ఎక్కువగా కత్తెర పనులే: ప్రాజెక్టు వైర్లు, టేపు, ప్యాకెట్లు. ఒక యాపిల్. రెండు చోట్ల చీకట్లో ఏదో పడిపోయి వెతుక్కున్నానని రాసుకున్నాడు, అది చాకు జాబితాలోకి ఎందుకొచ్చిందో వాడికే తెలియాలి. నల్ల చాకు ఇప్పుడు హాస్టల్ గదిలో అట్టపెట్టెలు కోస్తోంది, అంచుల్లో పూత లేచిపోయింది. వాడు నన్ను అడుగుతున్నది టార్చి గురించి, ఛార్జింగుదా సెల్లుదా అని. ట్రిపుల్ ఏ సెల్లు ఒక్కటి పట్టేది కొనమన్నాను. ఆ సెల్లు ఏ ఊరి కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది.